సరంగు ఎందుకు లేవలేదు

కొట్టులో కుట్టుమిషన్ పక్క నుంచి,
సోమవారం, వాన.

ఒరేయ్ నత్తగుల్లా,

రెండు నెలలుగా నీకు ఫోన్ చేస్తే మీ ఆవిడే ఎత్తుతోంది. ఒకరోజు "స్నానం చేస్తున్నారు వదినా" అంటుంది, ఇంకోరోజు "ఇప్పుడే బయటికెళ్ళారు వదినా" అంటుంది. ఇంత స్నానం చేసిన మనిషి ఈపాటికి సబ్బులా అరిగిపోయి ఉండాలి. నిన్న గట్టిగా నిలదీస్తే, "ఇకనుంచి ఉత్తరాలు రాసుకుందామని చెప్పమన్నారు" అని నసిగింది. బడికి బయల్దేరమంటే గంటసేపు బొత్తాలు పెట్టుకునేవాడివి, అందుకే నత్తగుల్ల అని పేరొచ్చింది. నీకు ఉత్తరాలేమిటిరా? సరే, చిన్నవాడివి, నీ ముచ్చట కాదనడం ఎందుకని కాగితం కొనుక్కొచ్చాను.

ప్రతి ఆదివారం "రేవు" సీరియల్ అవ్వగానే మనిద్దరం ఫోన్‌లో కాసేపు కొట్టుకోకపోతే నాకు ఆ వారం వారంలా ఉండదు. కాబట్టి కాగితం మీదే కొట్టుకుందాం. నేను మొదలుపెడుతున్నాను. నీ సరంగు వట్టి దొంగ.

నువ్వు చెప్పబోయేది నాకు తెలుసు. పాపం, జీవితమంతా జనాన్ని పడవ మీద అవతలి ఒడ్డుకు చేర్చినవాడు, వంతెన కడితే పడవ మూలపడుతుంది, ఇల్లు గడవాలి కాబట్టి చెక్కల కింద దొంగసరుకు దాచి తీసుకెళ్తున్నాడు, అంతా పెళ్ళాంబిడ్డల కోసమే. అవునా? మరి అతని కోటు చూశావా? మొదట్లో లోపలి గుడ్డ చిరిగితే పెళ్ళాం కూర్చుని కుట్టింది. ఇప్పుడు వేసుకునేది కొత్త కోటు, భుజాల దగ్గర కొలిచి కుట్టించింది. కూతురి కాళ్ళకు మాత్రం ఆ పాత చెప్పులే. ఇంటికోసం తప్పు చేసేవాడు ముందు పిల్లకు చెప్పులు కొంటాడు, తనకు కోటు కుట్టించుకోడు. ఇన్నేళ్ళు మిషన్ తొక్కినదాన్ని, నాకు తెలీదా? రాసినవాళ్ళు మాటల్లో చెప్పనిది బట్టల్లో చెప్పారు.

మీ బావ ఎప్పటిలాగే సీరియల్ మొదలయ్యే ముందు కుర్చీలో కూర్చుని, పేర్లు పడేసరికి నిద్రపోతున్నారు.

ఒక్క మాట. నామీద ఏదైనా కోపముంటే తిట్టు, పడతాను. పలకకుండా మాత్రం ఉండకురా. నాకు తోడబుట్టినవాడివి నువ్వొక్కడివే.

అక్క


ఆస్పత్రి డాబా మీద, లిఫ్టుల మెషిన్ రూం నుంచి,
శనివారం.

అక్కా,

కోపమా? నీమీద కోపం పెట్టుకుని నెగ్గినవాడు ఇంతవరకు లేడు. ఫోన్‌లో అయితే నువ్వు ముప్పావుగంట మాట్లాడతావు, నేను ఊ కొడతాను, చివరికి నేను ఓడిపోయానని నువ్వే తీర్పు చెప్తావు. కాగితం మీదైతే నా మాటకు ఎవరూ అడ్డురారు. అంతకుమించి ఏమీ లేదు. అనవసరంగా బుర్ర పాడుచేసుకోకు.

ఇదిగో, ఇక్కడ మోటార్ల మధ్య నూనెడబ్బా బోర్లించి దానిమీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. పక్క లిఫ్టుకు ఈరోజు పని లేదు. నాతో పనిచేసే నిచ్చెన కింది అంతస్తులో టీ తాగుతున్నాడు. నీకు అతని గురించి చెప్పాను కదా, ఆరడుగుల పైమాట, గుమ్మంలోంచి వచ్చేటప్పుడల్లా వంగుతాడు, అందుకే ఆస్పత్రిలో అందరూ నిచ్చెన అంటారు. నేను పెద్దవాణ్ణి కాబట్టి పైన మీట దగ్గర ఉంటాను, అతను లిఫ్టు అడుగునున్న గుంటలోకి దిగుతాడు. అంత పొడుగు మనిషి ఆ గుంటలో మడతపెట్టిన కుర్చీలా కూర్చుని పని చేస్తాడు. ఏడంతస్తుల పైకి కేక వినిపించదు, గుంటలో ఫోన్ పలకదు. అందుకని పానాతో లిఫ్టు జారే ఇనప పట్టా మీద కొడతాడు. ఒక దెబ్బ అంటే ఆపు. రెండు దెబ్బలంటే నేను పక్కకు తప్పుకున్నాను, లిఫ్టు పెట్టె దించు. దెబ్బ పడందే నేను మీట ముట్టను. మాకు ముందు పనిచేసినవాళ్ళు పెట్టిన పద్ధతి ఇది, మేమూ మార్చలేదు.

ఇక సరంగు సంగతి. కోటు అన్నావు. పెద్దపెద్దవాళ్ళను కలవడానికి వెళ్తున్నాడు, చిరిగిన కోటుతో వెళ్తే గుమ్మం దగ్గరే గెంటేస్తారు. అది అవసరం, సోకు కాదు. చెప్పులు రేపు కొంటాడు. అక్కా, ఆ మనిషికి పడవ నడపడం తప్ప ఇంకొకటి రాదు. వంతెన కట్టేటప్పుడు ఎవరైనా వచ్చి "మరి నువ్వేం చేస్తావు" అని అడిగారా? చేతనైన ఒక్క పనీ లాగేసుకుంటుంటే మనిషి దేన్నైనా పట్టుకుంటాడు. రాసినవాళ్ళకు అతనంటే ప్రేమ. లేకపోతే ప్రతి వారం కథను అతని ఇంటి గుమ్మంలోంచి ఎందుకు మొదలుపెడతారు?

మా ఆవిడ ముందుగదిలో పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతోంది. ఆదివారం సాయంత్రం కూడా వదలదు. ఆమెకు ఇబ్బంది ఎందుకని టీవీ శబ్దం బాగా తగ్గించి, మాటలు కింద అక్షరాల్లో వచ్చేలా పెట్టుకుని చూస్తున్నాను. అయినా నేను మాట వినిపించుకోనని సణుగుతూనే ఉంటుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ అదే మాట కాబట్టి నేనూ పట్టించుకోను.

నీ
తమ్ముడు


కొట్టు నుంచి,
సోమవారం పొద్దున్నే, షట్టర్ సగమే ఎత్తి.

తమ్ముడూ,

నిన్న చూశావు కదా. ఇప్పుడు చెప్పు. ఇంకా ఆ మనిషి తరఫున వకాల్తా పుచ్చుకుంటావా?

నాకు ఇంకా వొళ్ళు మండుతోంది. ఆ ఇంజను చూసే స్నేహితుడు, చిన్నప్పటినుంచీ ఒకే కంచంలో తిన్నవాడు, రేవు దగ్గర కాపలా కూర్చున్నాడు. "ఏదైనా తేడా వస్తే ఫోన్ చేస్తాను, నువ్వు పడవ వేసుకుని రా" అని చెప్పి మరీ వెళ్ళాడు. సరంగు ఇంట్లో బల్ల ముందు కూర్చుని కమలాపండు వలుస్తున్నాడు. పక్కగదిలో ఫోన్ మోగింది. వలుస్తూనే ఉన్నాడు. మోగీ మోగీ ఆగిపోయింది. ఒక తొన తీసి నోట్లో పెట్టుకున్నాడు. పొద్దున్నకి ఆ స్నేహితుడి శవం నీళ్ళలో తేలింది.

ఎంత గట్టిగా మోగిందో తెలుసా, మీ బావ నిద్రలోంచి ఉలిక్కిపడి లేచి, మన ఫోనే అనుకుని, ఎత్తి "హలో, హలో" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

ఇప్పుడు నాకు రాసినవాళ్ళ ఉద్దేశం అర్థమైంది. ఇన్ని వారాలూ ఆ మనిషిని మనకు దగ్గర చేసింది ఇందుకే. ఇలాంటివాడినా ఇన్నాళ్ళూ వెనకేసుకొచ్చాం అని మనం సిగ్గుపడాలని. అన్నీ తెలిసిన స్నేహితుడు పోతే సాక్ష్యం ఉండదు. లెక్క చూసుకునే కూర్చున్నాడు. ఆ స్నేహితుడి పెళ్ళాం వచ్చి "మీకు ఫోన్ చేస్తానన్నాడే" అని అడిగితే, కళ్ళలోకి చూస్తూ "రాలేదమ్మా" అన్నాడు చూడు, టీవీ మీదకి కత్తెర విసరాలనిపించింది.

నేను మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది నీతో వాదన. ఇప్పటికైనా ఒప్పుకో. ఓడినందుకు నువ్వేమీ ఇవ్వక్కర్లేదు, ఒకసారి ఫోన్ చేసి "అక్కా నువ్వే గెలిచావు" అను చాలు.

అక్క


ఇంటి వెనక వసారా నుంచి,
గురువారం.

అక్కా,

నీకు ఆవేశం వస్తే లేనివి కూడా కనిపిస్తాయి. ఏ ఫోను?

నేను రెప్ప వెయ్యకుండా చూశాను. సరంగు కూర్చున్నాడు, పండు వలిచాడు, తిన్నాడు. ఆ ముఖం చూశావా అసలు? గాలి లేనప్పుడు నీళ్ళలా ఉంది. పక్కగదిలో స్నేహితుడి ఫోన్ మోగుతుంటే ఏ మనిషి ముఖమైనా అలా ఉంటుందా? కన్ను అదరదా? చెయ్యి ఆగదా? తొక్క ఎక్కడా తెగకుండా, ఒకటే చుట్టగా వలిచాడు. ఆ రాత్రి జరగబోయేది అతనికి తెలీదు, మనకు తెలుసు. అదే ఆ సీను. పాపం, ఇంట్లో హాయిగా పండు తింటున్న మనిషి నెత్తిన పిడుగు పడబోతోంది అని రాసినవాళ్ళు చూపించారు. నాకు కళ్ళు చెమర్చాయి. నువ్వేమో కత్తెర విసురుతానంటున్నావు.

పైగా అతనే స్వయంగా చెప్పాడు, "రాలేదమ్మా" అని. అక్షరాల్లో చదివాను. ఆమెతో అతను ఇంతవరకు ఒక్క అబద్ధం చెప్పలేదు. ఫోన్ మోగిందని చూపించాలంటే ఫోన్‌ని చూపించేవాళ్ళు కదా? ఒక్కసారి కూడా చూపించలేదు.

బావ కలగని ఉంటారు. నీ కొట్టు ముందు బస్సుల హారన్లు వినీ వినీ నీకూ బావకూ అన్నీ మోగుతున్నట్టే ఉంటుంది. ఈసారి ఓడింది నువ్వే. ఒప్పుకుంటూ ఉత్తరం రాయి, అటకమీద దాచుకుంటాను.

తమ్ముడు


మా ఇంటి నుంచి, కొట్టు తెరవలేదు,
మంగళవారం.

నాన్నా,

నీ ఉత్తరం చూసి మొదట నవ్వాను. వేళాకోళం ఆడుతున్నావనుకున్నాను. జిప్పు వేయించుకోవడానికి వచ్చినావిడను అడిగాను, "ఫోన్ మోగింది కదండీ" అని. "మోగకపోవడమేమిటి, దానిగురించేగా అందరూ తిట్టుకుంటున్నది" అంది. ఎదురుగా టిక్కెట్లు అమ్మే ఆయన్ని అడిగాను. ఆయనా అదే అన్నాడు. సరే, మా తమ్ముడు మొండివాడు, ఇంకా వాదనకే రాస్తున్నాడు అనుకున్నాను.

అయినా మనసాగక మీ ఆవిడకు ఫోన్ చేశాను. ఆ పిల్ల ఏమందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "ఆ ఫోనా వదినా, నేను ముందుగదిలోంచి విన్నాను. మనదేనేమో చూడండీ అని ఈయన్ని రెండుసార్లు కేకేశాను. పలకలేదు. పలకడం ఎప్పుడుందిలెండి." శబ్దం తగ్గించి చూస్తున్నాడట కదా అన్నాను. "తగ్గించడమా? పిల్లలు చెవులు మూసుకుని లెక్కలు చేస్తున్నారు వదినా" అంది.

ఫోన్ పెట్టేసి అక్కడే నేలమీద కూర్చుండిపోయాను. నువ్వు నా ఫోన్ ఎందుకు ఎత్తడం లేదో, ఉత్తరాలు ఎందుకు రాయమన్నావో, మాటలు అక్షరాల్లో ఎందుకు చదువుతున్నావో అన్నీ ఒక్కసారి తెలిశాయి. నీకు వినపడడం లేదు కదరా.

చెవిటివాడి ముందు శంఖం అని రాశాను చూడు, ఆ చెయ్యి విరిగిపోనూ. చాలాసేపు ఏడ్చాను. మీ బావ కొట్టు తెరవొద్దన్నారు. నీ బాధ నువ్వొక్కడివే ఇన్నాళ్ళు మోశావే, అక్క ఒకతి ఉందని గుర్తు రాలేదా?

ఏడుపు తగ్గాక ఇంకొకటి తట్టింది. అప్పటినుంచీ అన్నం సహించడం లేదు. గుంటలో నిచ్చెన పట్టా మీద కొడతాడు అన్నావు. పైన వినేది నువ్వు.

ఎన్నాళ్ళ నుంచి వినపడడం లేదు? అతనికి తెలుసా? దాచకుండా రాయి.

అక్క


మెషిన్ రూం,
శుక్రవారం.

అక్కా,

కందకు లేని దురద కత్తిపీటకు ఎందుకు? నీ కొట్టు నువ్వు చూసుకో, నా పని నేను చూసుకుంటాను.

అవును, ఏడాదిగా తగ్గింది. ఇన్నేళ్ళు మోటార్ల మధ్య ఉన్నవాడికి తగ్గకపోతేనే వింత. మగవాళ్ళ మాట ఎదురుగా ఉంటే అందుతుంది. ఈ రెండు నెలలుగా ఫోన్‌లో ఏదీ తెలీదు. కానీ ఫోన్ గంట కూడా పోయిందని నీ ఉత్తరం చూసేదాకా నాకే తెలీదు. దాన్ని ఇంత ముచ్చటగా నాకు చెప్పినందుకు సంతోషం.

దెబ్బల సంగతి నువ్వు దిగులు పడక్కర్లేదు. పట్టా పైదాకా వస్తుంది. దానిమీద అరచెయ్యి ఆనించి కూర్చుంటాను. కొడితే చేతికి తెలుస్తుంది. చెవికన్నా చెయ్యే నయం. ఏడాదిగా అలాగే చేస్తున్నాను, ఇప్పటిదాకా ఏమైనా అయిందా? ఏమీ కాలేదు. నిచ్చెనకు తెలీదు. తెలియాల్సిన అవసరమూ లేదు.

చెవి పోయిందని ఆఫీసులో తెలిస్తే మర్నాడు నన్ను స్టోరు గదిలో కూర్చోబెట్టి నట్లూ బోల్టులూ ఏరమంటారు. జాలిగా చూస్తారు. నిచ్చెన కూడా చూస్తాడు. నాకు ఆ పని చేతకాదు అక్కా, ఈ పని ఒక్కటే వచ్చు. ఎవరికీ చెప్పకు. మా ఆవిడకు అసలే చెప్పకు. నామీద ఏమాత్రం ప్రేమ ఉన్నా ఇది మనిద్దరి మధ్యే ఉండాలి.

కోపంగా రాశాను. చింపేద్దామనుకున్నాను గానీ ఇంకోటి రాసే ఓపిక లేదు.

తమ్ముడు


కొట్టు నుంచి,
సోమవారం.

నత్తగుల్లా,

తిట్టావు, హమ్మయ్య. బాగానే ఉన్నావన్నమాట.

ముందు నీ సామెత సంగతి తేలుద్దాం. ఇందులో కంద నువ్వు కాదురా, నిచ్చెన. పెట్టె దిగేది అతని నెత్తిమీదకి. అతనికి దురద ఉందో లేదో అడిగావా? అడగవు. అడిగితే చెప్పాలి కాబట్టి.

చేతికి తెలుస్తుందన్నావు. నేను లిఫ్టులు ఎరగను. కానీ నా మిషన్ నడుస్తుంటే ఆ చివర బల్లమీదున్న గుండీల డబ్బా కూడా గలగలమంటుంది. మీ పక్క లిఫ్టు కదిలినప్పుడు నీ పట్టా అదరదా? ఆ అదురు అదిరిందా, నిచ్చెన కొట్టాడా అని నీ చేతికి ఎలా తెలుస్తుంది? ఒక్కసారి ఆలోచించు. నాకు జవాబు రాయక్కర్లేదు, నీకు నువ్వు చెప్పుకో.

ఇప్పటిదాకా ఏమీ కాలేదన్నావు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుంది.

నేను ఎవరికీ చెప్పను. మీ ఆఫీసుకు ఒక ముక్క రాసి పడేస్తే నిచ్చెన ప్రాణం భద్రంగా ఉంటుందని నాకు తెలుసు. కవరు కూడా తీశాను. కానీ ఆ పని నేను చేస్తే నువ్వు ఇక ఈ జన్మలో నాకు ఉత్తరం రాయవు. నాకు ఆ భయం ఉంది, నిజమే చెబుతున్నాను. దానికన్నా పెద్దది ఇంకోటి ఉంది. నువ్వే వెళ్ళి చెబితే నువ్వు తప్పు దిద్దుకున్న మనిషివవుతావు. నేను చెబితే పట్టుబడ్డ మనిషివవుతావు. నా తమ్ముణ్ణి అలా చూడలేను. అందుకని ఈ ఒక్క ఉత్తరానికి ఆగుతాను. నీనుంచి జవాబు రాకపోతే మాత్రం బస్సెక్కి నేనే వచ్చి ఆ గుంట పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాను. నా సంగతి నీకు తెలుసు.

చెవి పోతే ఏమైందిరా? నేను ఎప్పుడైనా నిన్ను మాట్లాడనిచ్చానా, నువ్వు ఎప్పుడైనా నా మాట విన్నావా? బతికున్నన్నాళ్ళూ కాగితం మీద పోట్లాడుకుందాం. జాలి ఎవరైనా పడితే పడనీ. నేను మాత్రం పడను, నీతో వాదనలో ఒక్క మెట్టు తగ్గను.

సరంగును నేను అంతలా ఎందుకు తిట్టానో తెలుసా? లేచి పక్కగదిలోకి వెళ్ళడానికి నాలుగడుగులు. ఆ నాలుగడుగులు వెయ్యలేదు.

లే నాన్నా. లేచి వెళ్ళి ఆ ఫోన్ ఎత్తు.

అక్క


ఆస్పత్రి, కింది అంతస్తు, లిఫ్టు గుమ్మం పక్క నుంచి,
బుధవారం.

అక్కా,

ఆలస్యమైంది. నువ్వు బస్సెక్కకుండా ఆగినందుకు దణ్ణం. మా ఆవిడా నువ్వూ రోజూ ఫోన్‌లో మాట్లాడుకుంటున్నారని నువ్వు దాచినా నాకు తెలిసిందిలే.

నీ ఉత్తరం అందిన మర్నాడు ఎప్పటిలాగే పైన కూర్చున్నాను, పట్టా మీద చెయ్యి పెట్టి. అదిరింది. మళ్ళీ అదిరింది. రెండు. దించమన్నాడు కదా అని మీట మీద చెయ్యి వేశాను. గుండీల డబ్బా అన్నావే, ఆ మాట అడ్డొచ్చింది. చెయ్యి తీసేశాను. మెట్లమీద ఏడంతస్తులూ దిగాను. వెళ్ళి చూస్తే నిచ్చెన గుంటలో బోర్లా పడుకుని గ్రీజు పూస్తున్నాడు. అతను కొట్టలేదు. పక్క లిఫ్టులో ఎవరో రోగిని మంచంతో సహా ఎక్కించారు, ఆ చక్రాల అదురు అది.

గుమ్మం దగ్గరే కూలబడ్డాను. అతను తల ఎత్తి "ఏమైంది గురూ" అన్నాడు, పెదాల మీద చదివాను. అప్పుడే అక్కడే చెప్పేశాను. అంతా చెప్పాను.

గ్రీజు డబ్బా మూతపెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు. పైకి ఎక్కి నా ఎదురుగా నిలబడి, నాకు అర్థం కావాలని నెమ్మదిగా అన్నాడు. "అంటే ఏడాదిగా నేను గోడకి కొట్టుకుంటున్నానా?" అంతే. సామాను సంచి తీసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళలో అతను నన్ను ఒక్క మాట అని ఎరగడు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

ఆఫీసులో నేనే వెళ్ళి చెప్పాను. చెవి డాక్టరు చూశాడు, సన్నటి శబ్దాలు పోయాయి, లావువి కొన్ని మిగిలాయి అన్నాడు. చెవికి మిషన్ చేయిస్తున్నారు. అది వచ్చినా మీట దగ్గర కూర్చోవడానికి వీల్లేదన్నారు. స్టోరు గదిలో వేశారు. నేను భయపడ్డట్టే నట్లు ఏరాను. జాలిగా కూడా చూశారు. చచ్చిపోలేదు.

మా ఆవిడకూ చెప్పాను. "పెళ్ళైన కొత్తలో కూడా వినపడేది కాదా, అప్పుడు కావాలనే వినిపించుకోలేదా" అని అడిగింది. అప్పుడు కావాలనే అని ఒప్పుకున్నాను. ఆదివారం ట్యూషన్ మానేసి, ఆ కమలాపండు భాగం మళ్ళీ పెట్టి నా పక్కన కూర్చుంది. ఫోన్ మోగినప్పుడల్లా నా మణికట్టు మీద వేలితో తట్టింది. తడుతూనే ఉంది అక్కా. అన్నిసార్లు మోగిందని నేను అనుకోలేదు.

కాబట్టి నువ్వే గెలిచావు. సరంగు విన్నాడు. కానీ నువ్వు చెప్పిన కారణం తప్పు. సాక్ష్యం లేకుండా చెయ్యడానికి కాదు, కొత్త కోటు కోసమూ కాదు. ఫోన్ ఎత్తితే లేచి వెళ్ళాలి, వెళ్తే ఎక్కడికని పెళ్ళాం అడుగుతుంది, ఆ ఒక్క మాటతో మొదలై అన్నీ చెప్పాల్సి వస్తుంది. ఎత్తకపోతే ఇంకాసేపు ఆ ఇంట్లో మంచివాడిలా కూర్చోవచ్చు. ఆ కాసేపటి కోసం పండు వలిచాడు. స్నేహితుడు పోవాలని అతను అనుకోలేదు, స్నేహితుణ్ణి తలుచుకోనే లేదు. అదే అతని నేరం. రాసినవాళ్ళకు ఇది తెలుసు, అందుకే ఆ ముఖం అంత నెమ్మదిగా ఉంచారు. నేను ఆ ముఖంలో చూసింది అబద్ధం కాదు, సగం. ఇందులో నేను నీకన్నా బాగా ఎరుగుదును, ఈ ఒక్కదానికి తీర్పు నాకే ఇవ్వు.

ఇక నిచ్చెన సంగతి. చాలా రోజులు నా వైపు చూడలేదు. నిన్న పొద్దున స్టోరుకు వచ్చి, గుమ్మంలో వంగి, తన పానా నా బల్లమీద పెట్టాడు. "నా పొడుగుకి ఆ గుంట ఎప్పుడూ పట్టలేదు. నువ్వు పొట్టివాడివి. కింద నువ్వుండు, పైన నేనుంటా. ఆఫీసులో అడిగా, ఒప్పుకున్నారు" అన్నాడు. ఇన్నాళ్ళూ నాకు పెద్దరికం అని పట్టుకు కూర్చున్న చోటు అతనికి ఇచ్చేసి, అతని వెనకే నడిచాను.

గుంటలోకి దిగేసరికి గోడకు ఒక చిన్న ఎర్ర బల్బు వేలాడుతోంది. దాని తీగ పట్టా వెంబడే పైదాకా పోయింది, ఏడంతస్తులూ మేకులు కొట్టి మరీ లాగాడు. నా దెబ్బ అందగానే పైనుంచి బల్బు వెలిగిస్తాడట. నాతో మాట్లాడని రోజుల్లో చేసిన పని అది.

పని అయ్యాక మూలకు ఒదిగి నిలబడి రెండుసార్లు కొట్టాను. బల్బు వెలిగింది. నెత్తిమీద అంత పెద్ద పెట్టె దిగడం మొదలైంది. నాకు ఏ చప్పుడూ లేదు, నీడ మాత్రం కిందికి వస్తోంది. ఇన్నేళ్ళు పైనుంచి ఎన్నిసార్లు దించానో, కిందనుంచి చూడడం ఇదే మొదలు. ఏడాది పొడుగునా నిచ్చెన ఇక్కడ నిలబడి నన్ను నమ్మాడు. కళ్ళనీళ్ళు తిరిగి ఏమీ కనపడలేదు. పానాతో ఒక్క దెబ్బ కొట్టాను.

ఆగింది.

నీ
తమ్ముడు